ప్రయాణంలో ఫొటోల బ్యాకప్ – 3వ పాఠం: పాటల ప్లేయర్‌లోకి కాపీ చేయడం

పోయిన పాఠంలో ప్లేయర్‌లో ‘బ్యాకప్’ అని ఒక ఫోల్డర్ చేసి, కంప్యూటర్ నుంచి ఒక ఫొటో అందులో వేసి చూడమన్నాను. అది అయిందంటే ప్లేయర్ డిస్కులాగా పనిచేస్తున్నట్టే. ఆపిల్ వారి పాత పాటల ప్లేయర్ ఐపాడ్ క్లాసిక్ వాడేవాళ్లు కంప్యూటర్‌లోని ఐట్యూన్స్‌లో డిస్క్ వాడకాన్ని ఆన్ చేసుకునే ఉంటారు. మా పక్కింటి అక్క మాత్రం అది చూసి భయపడింది. ‘తమ్మీ, ఫొటోలు ఏస్తె నా పాటలు పోతయా ఏంది?’ అని. పోవు అక్కా. ఐపాడ్‌లో పాటలు దాచి ఉంచిన వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, మన ఫోల్డర్ దాని పక్కన ఉంటుంది. ఫార్మాట్ కొడితే, అంటే డిస్కంతా చెరిపేస్తే మాత్రం రెండూ పోతాయి.

ఈసారి కంప్యూటర్ లేదు. నల్గొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం దారి పట్టాం అనుకుందాం. చేతిలో కెమెరా, ఫోన్, ప్లేయర్, కార్డ్ రీడర్, వీటిని ఫోన్‌కు కలిపే ఓటీజీ కేబుల్ ఉన్నాయి. మన్ననూరు దాటితే అమ్రాబాద్ అడవి. నెట్ మీద ఆశ పెట్టుకోలేం, కాబట్టి క్లౌడ్ బ్యాకప్ మాట మర్చిపోండి.

ముందు ప్లేయర్‌ను ఓటీజీతో ఫోన్‌కు కలపండి. చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది, ఫోన్‌లో ఏమీ కనబడదు. కొన్ని ఫోన్లలో ఓటీజీని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది. అది సరిగ్గానే ఉంటే ప్లేయర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్, అంటే కేబుల్ పెట్టినప్పుడు అది ఎలా కలవాలన్నది చూడండి. ఎంటీపీ అని ఉంటే ఎంఎస్‌సీకి మార్చండి. శాన్సా క్లిప్ లాంటి చిన్న ప్లేయర్లలో ఇది సిస్టమ్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. ఎంఎస్‌సీలో ప్లేయర్ మామూలు పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది. అప్పటికీ రాకపోతే ఫార్మాట్, అంటే డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి, తేడా అయి ఉంటుంది. విండోస్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్ ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉంటుంది, దాన్ని ఆండ్రాయిడ్ చదువుతుంది. మ్యాక్‌లో చేసినదాన్ని చాలా ఫోన్లు చదవలేవు. ఇది ఇంట్లో ఉండగానే తేల్చుకోవాల్సిన సంగతి, అడవిలో చేసేదేమీ లేదు.

ఇంకో చిక్కు కరెంటుది. ఐపాడ్ క్లాసిక్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది. పైగా అది ఫోన్ నుంచే చార్జింగ్ లాక్కోవాలని చూస్తుంది. కొన్ని ఫోన్లు అంత ఇవ్వలేక మధ్యలో వదిలేస్తాయి. ప్లేయర్‌ను ముందే పూర్తిగా చార్జ్ చేసి పెట్టుకోండి. తిరిగే డిస్క్ లేని చిన్న ఫ్లాష్ ప్లేయర్లతో ఈ తలనొప్పి తక్కువ, అందుకే ప్రయాణానికి నాకు అవే ఇష్టం.

ఇక కాపీ. కార్డ్ రీడర్‌ను ఫోన్‌కు కలిపి, ఆ రోజు ఫొటోలను ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. ఫోల్డర్‌కు తేదీ, ఊరు పేరు పెట్టండి. తర్వాత రీడర్ తీసేసి, ప్లేయర్ కలిపి, ఆ ఫోల్డర్‌ను ‘బ్యాకప్’లోకి కాపీ చేయండి. కాపీ అంటున్నాను, కట్ కాదు.

కట్ ఎందుకు వద్దో నా అనుభవం చెబుతాను. ఒకసారి పొద్దున్నే అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు ఫొటోలు తీసి, మహబూబ్‌నగర్ బస్సెక్కాను. ఫోన్‌లో జాగా లేదని, రెండూ ఒకేసారి కలిపే హబ్ పెట్టి కార్డు నుంచి నేరుగా ప్లేయర్‌లోకి కట్ చేసి పేస్ట్ కొట్టాను. బస్సు గుంతలో పడింది, కేబుల్ ఊడింది. ప్లేయర్‌లో ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి. సైజు చూస్తే చాలా వాటికి సున్నా. కార్డులో అవి అప్పటికే లేవు. అక్కడితో ఆగి కార్డు పక్కన పెట్టి ఉంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్నైనా వచ్చేవేమో. నేను దిగిన వెంటనే అదే కార్డుతో పిల్లలమర్రి ఫొటోలు తీశాను. పోయినవాటి మీద కొత్తవి కూర్చున్నాయి. స్వర్గబ్రహ్మ గుడి శిల్పాల్లో ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు నడిచే బండిలో అసలు కేబుల్ తీయను.

కాపీ అయిపోయిందని ఫోన్ చెప్పినా నమ్మొద్దు. ఫోన్ కొంత డేటాను తన దగ్గరే ఉంచుకుని నెమ్మదిగా రాస్తుంటుంది. ముందు ఎజెక్ట్ నొక్కండి. ఐపాడ్ తెర మీద డిస్‌కనెక్ట్ చేయవద్దన్న హెచ్చరిక పోయేదాకా ఆగండి. తీసి, మళ్లీ కలిపి, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు చోట్లా ఒకటేనా చూడండి. తర్వాత ప్లేయర్‌లో ఉన్న చివరి ఫొటోను తెరవండి. మొదటిది తెరిచి తృప్తిపడేవాళ్లే ఎక్కువ, కానీ మధ్యలో తెగితే దెబ్బ తినేవి చివరివే.

టైమ్ ఎంత పడుతుంది? పాత ప్లేయర్లు యూఎస్‌బీ 2.0వి. సెకనుకు 8 ఎంబీ రాస్తుందనుకుంటే, 6 ఎంబీ ఫొటోలు 300 ఎక్కడానికి 4 నిమిషాలు లోపే. 16 జీబీ నిండా ఉంటే అర గంట దాటుతుంది. మీ ప్లేయర్ వేగం ఎంతో ఇంట్లోనే ఒకసారి కొలుచుకోండి. వీడియోలు తీసేవాళ్లకు ఇంకో మాట: ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. అందుకే పెద్ద క్లిప్పు ఎక్కకుండా మొరాయిస్తే ప్లేయర్ చెడిపోయిందని కంగారుపడకండి.

ఈ పనికి రాత్రి బస చేసిన గది మంచిది. శ్రీశైలం అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది. ఆలస్యమై మన్ననూరులో ఆగిపోతే తిట్టుకోకుండా చాయ్ చెప్పి, ప్లగ్ పాయింట్ వెతుక్కుని కాపీ మొదలుపెట్టండి.

కాపీ అయ్యాక ప్లేయర్‌ను కెమెరా బ్యాగులో పెట్టొద్దు. బ్యాగు పోతే రెండూ పోతాయి. నాది చొక్కా జేబులో ఉంటుంది, పాటలు వింటూనే ఉంటాను. మల్లెలతీర్థం జలపాతం దగ్గర నీళ్లలోకి దిగేటప్పుడు మాత్రం ఒడ్డున ఉన్నవాళ్ల చేతికిచ్చి దిగుతాను.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. ఇంట్లోనే పది ఫొటోలు తీసి, కంప్యూటర్ ముట్టకుండా ప్లేయర్‌లోకి ఎక్కించండి. మర్నాడు ఆ చివరి ఫొటో తెరుచుకుంటే, ఇంటికొచ్చాక వాటిని కంప్యూటర్‌లో సర్దుకోవడం 4వ పాఠంలో చూద్దాం.