పాత ఇంజెక్షన్ కారు, 5వ పాఠం: వేడి మీద స్టార్ట్ కాని బండి

పోయిన పాఠం చదివి థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే రెక్క ఉన్న భాగం) కడిగినవాళ్లలో చాలామందికి ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం, నిమిషానికి 1500 చుట్లకి ఎక్కి కూర్చుంది. టెన్షన్ పడి కొందరు థ్రాటిల్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పేశారు. ముందు దాని సంగతి తేల్చాలి.

అది ఐడ్లింగ్ స్క్రూ కాదు. కార్బ్యురేటర్ రోజుల అలవాటు మన చేతుల్లోంచి ఇంకా పోలేదు. ఇక్కడ అది థ్రాటిల్ రెక్క పూర్తిగా మూసుకుని పట్టేయకుండా ఆపే స్టాపర్. ఐడ్లింగ్‌కి గాలి వదిలేది ఐఏసీ అనే చిన్న వాల్వు, దాన్ని నడిపేది ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్. స్టాపర్ బిగిస్తే రెక్క కొంచెం తెరుచుకుని, థ్రాటిల్ సెన్సార్ రీడింగ్ మారుతుంది. మీ కాలు యాక్సిలరేటర్ మీద ఉందనుకుని ఈసీఎం ఐడ్లింగ్ సంగతి వదిలేస్తుంది. తర్వాత ఏసీ వేయగానే బండి వణుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. స్క్రూ కదిలిందో లేదో తెలియడానికి దాని మీద వేసిన పసుపు రంగు చుక్క రెండుగా చీలి ఉంది. అది చూశాక వేరే పరీక్షే అక్కర్లేకపోయింది. కొన్ని పాత మోడళ్లలో గాలి దారికి విడిగా అడ్జస్టింగ్ స్క్రూ ఉంటుంది, అది వేరు.

మరి 1500 ఎందుకు? మసి పట్టిన రోజుల్లో ఈసీఎం ఐఏసీని ఎక్కువ తెరిచి సర్దుకుంది. మసి పోయినా లెక్క పాతదే. బ్యాటరీ నెగటివ్ పావుగంట తీసి పెట్టండి. తర్వాత ఏసీ, లైట్లు ఆపి, యాక్సిలరేటర్ ముట్టకుండా రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా ఇంజిన్‌ని వదిలేయండి. అప్పటికీ దిగకపోతే ఇంజిన్ గాలి పీల్చే వైపు తగిలించిన సన్న వ్యాక్యూమ్ గొట్టాల్లో గాలి లీకు ఉందేమో చూడండి. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి వెతకొద్దు, మంట అంటుకుంటుంది. నేనైతే గొట్టాలు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి చూస్తాను.

ఇక అసలు విషయం. మే నెల మధ్యాహ్నం బందరు రోడ్డులో బండి ఆపి 20 నిమిషాల్లో తిరిగొస్తే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. ఇంజిన్ ఆపాక నీళ్లు తిరగవు కాబట్టి బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. పెట్రోలు పంపులోని చెక్ వాల్వు (పెట్రోలు వెనక్కి పోకుండా ఆపేది) ప్రెషర్ నిలపకపోతే పెట్రోలు లైన్లోనే ఆవిరవుతుంది. సెల్ఫ్ కొట్టకుండా తాళం మూడుసార్లు ఆన్ చేసి ఆపండి, ప్రతిసారీ 3 సెకన్లు; పంపు నడిచి లైన్లో ప్రెషర్ ఎక్కుతుంది. అప్పుడు వెంటనే అందుకుంటే లోపం ప్రెషర్‌దే. అలా కాక, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితేనే అందుకుంటే, పెట్రోలు వాసన కూడా వస్తుంటే, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారి ఇంజిన్‌లో పెట్రోలు ఎక్కువైందని అనుమానించాలి. రెండూ కాకపోతే స్పార్క్ చూడండి. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పేది క్రాంక్ సెన్సార్, అది పోతే స్పార్క్ రాదు; వేడికి చచ్చిపోయి చల్లారాక బతికేవి చాలా చూశాను. ఇంజిన్ ఎంత వేడిగా ఉందో ఈసీఎంకి చెప్పే కూలెంట్ సెన్సార్‌ని కూడా మల్టీమీటర్‌తో కొలవండి. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓములు, 80 దగ్గర సుమారు 300 ఓములు ఉండాలి.

అభ్యాసం: మూడు మధ్యాహ్నాలు, బండి బాగా వేడెక్కాక ఆపి, 5, 20, 60 నిమిషాలకు స్టార్ట్ చేసి చూడండి. ఒక్కో ఆపుకి ఒక్క పరీక్షే చేయండి, మొదటిది రెండోదాన్ని పాడుచేస్తుంది. ఎన్ని సెకన్లకు అందుకుందో నోట్‌బుక్‌లో రాయండి. ఆ తొమ్మిది అంకెలతోనే 6వ పాఠం మొదలుపెడదాం.