రోబోటిక్స్ సీజన్ బడ్జెట్ వేసే ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఫస్ట్ (FIRST) అనే సంస్థ నడిపే రోబోల పోటీ, ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌కు దిగే హైస్కూలు జట్ల కోసం.

• పోటీ అంశం జనవరి మొదట్లో వెల్లడవుతుంది. స్పాన్సర్లను అప్పుడు వెతకడం ఆలస్యమే, వేసవిలోనే కలవండి.

• రిజిస్ట్రేషన్ దాదాపు 6,000 డాలర్లు. అందులో రోబో విడిభాగాల కిట్, ప్రాంతాన్ని బట్టి మొదటి ఒకటి రెండు పోటీల వరకే. అదనపు మోటార్లు, బ్యాటరీలు వేరే ఖర్చు.

• ఏప్రిల్‌లో హ్యూస్టన్ ఛాంపియన్‌షిప్‌కు అర్హత వస్తే మళ్లీ వేల డాలర్ల ఫీజు, విమానాలు, హోటళ్లు, అదీ కొద్ది రోజుల గడువులో. గెలిచిన జట్లు తడబడేది ఇక్కడే. ఈ సొమ్ము ముందే విడిగా ఉంచి, మామూలు ఖర్చులకు ముట్టుకోకండి.

• తల్లిదండ్రుల కంపెనీలిచ్చే మ్యాచింగ్ విరాళానికి (ఉద్యోగి ఇచ్చినదానికి జోడీగా కంపెనీ ఇచ్చే సొమ్ము) సాధారణంగా 501(సి)(3) హోదా, అంటే పన్ను మినహాయింపున్న లాభాపేక్ష లేని సంస్థ హోదా, ఉన్న సంస్థో, బడో కావాలి. డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, వచ్చేదాకా లెక్కలో వేయొద్దు.

• బడి ద్వారా కొంటే పర్చేజ్ ఆర్డర్‌కే (కొనుగోలుకు బడి రాసిచ్చే అధికారిక ఆర్డర్) వారాలు పోతాయి. విడిభాగాలు డిసెంబరులోపే తెప్పించండి.