కల్చర్‌లో మెలనోమా కణాలు – 3వ పాఠం: పైపొర యాంటిజెన్లకు యాంటీబాడీ పట్టించడం

పోయిన పాఠంలో పెంచిన ఎస్‌కే-మెల్-28 అనే మనిషి మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలు ఫ్లాస్కులో 70–80 శాతం నిండాయి కదా, ఇక వాటి పైపొర మీది యాంటిజెన్లను (యాంటీబాడీ పట్టుకునే అణువులను) చూడటానికి కణాలను ఫ్లాస్కు నుంచి ఊడదీయాలి. ప్రయోగం ఎక్కువగా చెడేది ఇక్కడే. అలవాటు కొద్దీ ట్రిప్సిన్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్) పోస్తే సీఎస్‌పీజీ4 లాంటి పైపొర ప్రోటీన్లు తెగిపోతాయి. జీడీ3 అనే మరో పైపొర యాంటిజెన్ ప్రోటీన్ కాదు, గ్లైకోలిపిడ్ (చక్కెర తగిలిన కొవ్వు) గనుక దానికేం కాదు. చివర్లో రంగు యాంటీబాడీతో చూసినప్పుడు జీడీ3 బాగా వెలిగి సీఎస్‌పీజీ4 కనబడకపోతే ముందు ట్రిప్సిన్‌నే అనుమానించండి.

మీడియం తీసేసి, కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌తో (ఫాస్ఫేటు ఉప్పు ద్రావణంతో) రెండుసార్లు కడగండి. టీ25 ఫ్లాస్కుకు 2 మిల్లీమోలార్ ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసి కణాల అతుకు వదిలించేది) 3 మి.లీ. పోసి 37 డిగ్రీల్లో 5–10 నిమిషాలు ఉంచి, పక్కన మెల్లగా తట్టండి. సెంట్రిఫ్యూజ్‌లో 300 జి వద్ద 5 నిమిషాలు తిప్పండి. 1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం ఆల్బుమిన్), 0.1 శాతం సోడియం అజైడ్ కలిపిన చల్లని పీబీఎస్‌లో కణాలను కలిపి, గొట్టానికి 2 లక్షల చొప్పున 100 మైక్రోలీటర్లు పంచండి. అజైడ్ విషం, సింకులో పారబోయొద్దు, లోహపు గొట్టాల్లో పేలే లవణాలు తయారవుతాయి.

యాంటీబాడీ వేసి ఐసులో 30 నిమిషాలు. వేడి తగిలితే కణం యాంటిజెన్‌ను యాంటీబాడీతో సహా లోపలికి లాక్కుంటుంది. హన్మకొండలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఐసు నిలవదు, పని పొద్దున్నే పెట్టుకోండి. ఇంక్యుబేటరుకూ అదే తిప్పలు: అది వేడెక్కించగలదే గానీ చల్లార్చలేదు, గది 37కు చేరువైతే లోపల ఇంకా పైకే పోతుంది.

తర్వాత రెండుసార్లు కడిగి, మొదటి యాంటీబాడీని పట్టుకునే, రంగు తగిలించిన రెండో యాంటీబాడీతో చీకట్లో మరో 30 నిమిషాలు. పక్కన ఐసోటైప్ కంట్రోల్ (అదే రకందే గానీ ఈ యాంటిజెన్లను పట్టని యాంటీబాడీ వేసిన గొట్టం) తప్పనిసరి. చచ్చిన కణాలు ఏ యాంటీబాడీనైనా పట్టుకుంటాయి. ప్రొపీడియం అయొడైడ్ (చచ్చిన కణాల్లోకే చొరబడే రంగు) వేసి వాటిని లెక్కలోంచి తీసేయండి.

మోనోక్లోనల్ (ఒకే యాంటిజెన్‌ను పట్టే) యాంటీబాడీ బదులు రోగి సీరంతో పరీక్షిస్తే ఇంకో మోసం ఉంది. మీడియంలోని దూడ సీరం ప్రోటీన్లు కణాల పైపొరకు అంటుకుంటాయి. పాలు తాగే, పశుమాంసం తినే మనుషుల్లో ఆ ప్రోటీన్లకు యాంటీబాడీలు ఉండొచ్చు. అప్పుడు వెలిగేది మెలనోమా యాంటిజెన్ కాదు, దూడ ప్రోటీను. 1970లలోనే పరిశోధకులు దీన్ని పట్టుకున్నారు. అందుకే రోగి సీరాన్ని ముందు దూడ సీరంతో అధిశోషణ చేయండి, అంటే దూడ ప్రోటీన్లను పట్టే యాంటీబాడీలను తీసేయండి; అదే మీడియంలో పెరిగిన మామూలు మనిషి ఫైబ్రోబ్లాస్టులను (క్యాన్సర్ లేని సంధాయక కణజాల కణాలను) పక్కన పెట్టి చూడండి. అవీ వెలిగితే ఆ ఫలితాన్ని నమ్మొద్దు.

మెలాన్-ఏ, జీపీ100 అనే మెలనోమా యాంటిజెన్లు ప్రధానంగా కణం లోపల ఉంటాయి, ఈ పద్ధతిలో దొరకవు. వాటికి పొరకు రంధ్రాలు చేయాలి: 4వ పాఠం.