పసిబిడ్డకు పాలు నిలవడం లేదా? ఇంట్లో ఏం చూడాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి?

బిడ్డ పాలు కక్కితే మన ఇళ్లలో ముందు దిష్టి తీస్తారు, తర్వాత గ్రైప్ వాటర్ పట్టిస్తారు. చాలామంది పిల్లలకు కక్కడం మామూలే. కొందరికి మాత్రం పుట్టుకతోనే అన్నవాహికలోనో పేగుల్లోనో లోపం ఉంటుంది. అది బయటపడాలంటే ఇంట్లోవాళ్లు జాగ్రత్తగా గమనించాలి.

ముందు రంగు చూడండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కక్కినదాన్ని తెల్లగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గరో ట్యూబ్‌లైట్ కిందో చూడండి. పసుపు బల్బు వెలుతురులో రంగు సరిగ్గా తెలియదు. పాలలాగో, విరిగిన పాలలాగో ఉంటే ఫర్వాలేదు. ఆకుపసరులా ఉంటే పేగు మెలిపడి ఉండొచ్చు. మెలిపడ్డ పేగుకు రక్తం అందదు, కొన్ని గంటల్లోనే చచ్చుబడిపోతుంది. పొట్ట మెత్తగానే ఉంది కదా అని తెల్లారేదాకా ఆగొద్దు. పాలు, నీళ్లు, వస ఏమీ పట్టకుండా 108కి ఫోన్ చేయండి, లేదా పిల్లల సర్జన్ ఉన్న ఆస్పత్రికి నేరుగా వెళ్లండి. హైదరాబాద్‌లో అయితే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ నిలోఫర్ ఆస్పత్రి ఉంది. ఆ గుడ్డను కవర్లో వెంట తీసుకెళ్లండి. వెళ్లగానే "ఆకుపచ్చ వాంతి" అనే చెప్పండి. ఊరికే వాంతులంటే లైన్లో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

తర్వాత, ఎలా కక్కుతున్నాడో చూడండి. రెండు నుంచి ఎనిమిది వారాల వయసులో, తాగిన పాలన్నీ దూరంగా చిమ్మినట్టు కక్కి, వెంటనే మళ్లీ ఆకలితో ఏడుస్తుంటే పైలోరిక్ స్టెనోసిస్ కావచ్చు. పొట్ట నుంచి పేగులోకి వెళ్లే దారి దగ్గర కండరం మందమవుతుంది. మగపిల్లల్లో ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో తెలిసిపోతుంది, ఆపరేషన్‌తో నయమవుతుంది. టెన్షన్ పడకండి, ఆలస్యం మాత్రం చేయొద్దు.

అప్పుడే పుట్టిన బిడ్డ నోట్లో నురగ ఆగకుండా వస్తూ, పాలు పట్టగానే పొలమారి నీలంగా మారితే అన్నవాహిక మూసుకుపోయి ఉండొచ్చు. పాలు ఆపేసి వెంటనే డాక్టర్‌ని పిలవండి. పుట్టిన 48 గంటల్లో నల్లటి తొలి మలం రాకపోయినా, పొట్ట ఉబ్బుతున్నా చూపించాల్సిందే.

ఇవేవీ లేకపోతే బరువు చూడండి. తొలి నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో తూకం వేస్తారు. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి. బరువు బాగా పెరుగుతూ, హాయిగా ఆడుకుంటుంటే, పాలు తాగాక ఓ ఇరవై నిమిషాలు భుజాన నిలువుగా ఎత్తుకోండి. మామూలు కక్కడం చాలామందిలో ఏడాది నిండేసరికి తగ్గిపోతుంది.