మీ ఊరి ఫైర్ స్టేషన్ చరిత్ర రాయాలంటే

కోనసీమలోనో గోదావరి పశ్చిమ డెల్టాలోనో మీ ఫైర్ స్టేషన్ చరిత్ర రాయాలనుకుంటే ముందు ఆఫీసుకు పరిగెత్తకండి, ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. "స్టేషన్ ఎప్పుడు పెట్టారు?" అంటే ఎవరికీ గుర్తుండదు. "మన పేటలో తాటాకిళ్ళు తగలబడ్డప్పుడు బండి వచ్చిందా, నీళ్ళు ఎక్కడ తోడారు?" అని అడగండి, మాటలు వాటంతటవే వస్తాయి.

ఈ నీళ్ళ ప్రశ్న మాత్రం వదలొద్దు. పూరిళ్ళు ఎక్కువగా అంటుకునేది ఎండాకాలంలో, సరిగ్గా అప్పుడే మరమ్మతులకని కాలువలకు నీళ్ళు ఆపేస్తారు, అంటే పక్కనే గోదావరి ఉన్నా బండికి చెరువో బోరో దిక్కు. లంక ఊళ్ళలో అయితే రేవు దాటి బండి రావడమే గగనం, బిందెలు అందించిన వాళ్ళే అక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్. వాళ్ళ పేర్లూ రాసుకోండి.

తర్వాత కాగితాలు. పాత ఫైర్ కాల్స్ వివరాలు స్టేషన్‌లో అడగండి, ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాల్లో వెళ్తే ఇంకా మేలు (1944లో బొంబాయి రేవు పేలుడులో చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకంగా చేస్తారు), సిబ్బంది కూడా మాట్లాడే మూడ్‌లో ఉంటారు.

2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్ళో జరిగిన గ్యాస్ పైప్‌లైన్ పేలుడు లాంటి వాటికి పాత పేపర్లు తిరగేయండి. ఎవరైనా తేదీ దగ్గర తడబడితే "పాశర్లపూడి బ్లోఔట్‌కి ముందా, 96 తుఫాను తర్వాతా?" అనండి. ఆ బ్లోఔట్ అంటే 1995లో గ్యాస్ బావి అదుపు తప్పి రెండు నెలలకు పైగా ఆరని మంట, చూసినవాళ్ళకు లెక్క తప్పదు.