సినిమా ల్యాగ్ అవుతోందా? ముందు మలుపులు చూడండి

స్క్రిప్ట్ దశలో ఉన్నా, రఫ్ కట్ (సీన్లు వరసగా అతికించిన తొలి ఎడిటింగ్) దశలో ఉన్నా మొదట సీన్ల పట్టీ రాయండి. సీన్‌కి ఒక లైను: ఎన్నో నిమిషంలో మొదలైంది, ఎంతసేపు నడిచింది, అయిపోయేసరికి ఏం మారింది. మూడో గడి ఖాళీగా మిగిలిన సీన్లకి ఎర్రగీత పెట్టండి. కింది లెక్కలు 120 నిమిషాల సినిమాకి. స్క్రిప్టులో పేజీకి సుమారు ఒక నిమిషం. నిడివి వేరైతే అదే నిష్పత్తిలో సర్దుకోండి.

బోర్ కొట్టిన చోటే తప్పుందనుకోవద్దు. చాలాసార్లు అది పది పదిహేను నిమిషాల ముందే జరిగిపోయి ఉంటుంది.

సమస్య: అరగంట దాటినా కథ మొదలైనట్టు లేదు

కారణం: కథని కదిపే సంఘటన 10–15 నిమిషాల మధ్య ఉండే ఉంటుంది. లేనిది హీరో నిర్ణయం. ఒక గుమాస్తా 14వ నిమిషంలో ఆఫీసు ఫైల్లో దొంగ సంతకం చూశాడనుకోండి. ఇంట్లో ఒక సీన్, ఫ్రెండుతో ఒకటి, నిద్రపట్టని రాత్రి ఒకటి... 41వ నిమిషానికి గానీ ఫైలు బయటికి తేడు. ఈ 27 నిమిషాల్లో అతను భయపడటం తప్ప ఏమీ జరగలేదు.

పరిష్కారం: ఫైలు తెచ్చే సీన్‌ని 25–30 నిమిషాల మధ్యకి లాగండి. భయం చూపించే మూడు సీన్లూ కలిపి ఒకటి చేయండి. గుమాస్తాకి అప్పులున్నాయనుకోండి, ఆ సంగతి మలుపు తర్వాతకి జరపండి. ముందు చెబితే అది ఉత్త సమాచారం; ఫైలు ఇంట్లో దాచాక అప్పులవాడు తలుపు కొడితే అదే టెన్షన్. ఒక పరీక్ష కూడా ఉంది: మర్నాడు ఫైలు మళ్లీ బీరువాలో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోగలిగితే అది మలుపు కాదు. ఆ దారి మూసేయండి.

సమస్య: 50 నుంచి 80 దాకా సాగదీత

కారణం: పట్టీలో పక్కపక్క సీన్ల మధ్య "అందువల్ల" గానీ "కానీ" గానీ పెట్టి చదవండి. "ఆ తర్వాత" మాత్రమే అతుకుతోందంటే అక్కడ ముడి లేదు. రెండు సీన్లు తారుమారు చేసినా కథకి నష్టం లేకపోతే ఇక అనుమానమే అక్కర్లేదు.

పరిష్కారం: 60వ నిమిషం దగ్గర హీరో చేసే పనే మారిపోవాలి. తను నమ్మి ఫైలు చూపించిన అధికారే ఆ సంతకం పెట్టాడని తెలిసిందా, ఇప్పటిదాకా వెతికినవాడు ఇక తప్పించుకు తిరగాలి. దీని బదులు ఛేజ్ ఒకటి ఇరికించడం మామూలే. ఛేజ్‌కి ముందూ తర్వాతా పరిస్థితి ఒకటే అయితే సాగదీతకి చప్పుడు తోడవుతుంది, అంతే.

సమస్య: కట్ చేసేకొద్దీ ఇంకా నెమ్మదిగా అనిపిస్తోంది

కారణం: మలుపుకి ఆధారమైన సీన్ ఎగిరిపోయింది. ఎందుకు జరుగుతోందో తెలియనిది ఎంత పొట్టిగా ఉన్నా పొడుగ్గానే తోస్తుంది.

పరిష్కారం: ఆ సీన్ వెనక్కి తెచ్చి, మిగతా సీన్ల తలా తోకా కత్తిరించండి. లోపలికి రావడం, పలకరింపులు, తలుపు వేసి వెళ్లడం: నిమిషాలు ఇక్కడే మిగులుతాయి.

సమస్య: క్లైమాక్స్ హడావిడిగా ముగిసింది

క్లైమాక్స్‌కి దారితీసే రెండో పెద్ద మలుపు 105వ నిమిషం దాకా జారిపోయి ఉంటుంది. 85–90 దగ్గరికి తేవాలి. క్లైమాక్స్‌ని పెంచకండి; రెండో అంకంలో, అంటే ఫైలు తెచ్చిన మలుపుకీ ఈ మలుపుకీ మధ్య, ఎర్రగీత సీన్లు తీసేయండి, ఈ మలుపు దానంతటదే ముందుకొస్తుంది.

సమస్య: అంతా స్పీడే, అయినా అలసట

మలుపు వెంటే ఇంకో మలుపు పడుతోంది. పెద్ద మలుపు అయ్యాక పది ఇరవై సెకన్లు హీరో మొహం మీద ఆగండి. అలాంటి షాట్ తీయలేదా? అదే లొకేషన్ టేకుల్లో "యాక్షన్" అనక ముందూ, "కట్" అన్న తర్వాతా కెమెరా తిరుగుతున్న ముక్కలు వెతకండి. నటుడు ఊరికే నిలబడ్డ నాలుగు సెకన్లు దొరికినా పనికొస్తాయి.