హెడ్‌లైట్ వైపర్ కదలడం లేదా? కొత్త మోటారు కొనే ముందు ఇవి చూడండి

హెడ్‌లైట్ల మీద చిన్న వైపర్లు పెట్టడం 1970లో సాబ్ మొదలుపెట్టింది. తర్వాత వోల్వో 240, మెర్సిడెస్ డబ్ల్యూ124 లాంటి కార్లలోనూ వచ్చాయి. గాజు లెన్సుల స్థానంలో పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్ వచ్చాక, రబ్బరు రుద్దితే గీతలు పడతాయని ఈ వైపర్లు మానేసి, ఒత్తిడితో నీళ్లు చిమ్మే వాషర్లు పెట్టారు. కాబట్టి ఇప్పుడు మన చేతికి వచ్చే మోటారు ఏదైనా దశాబ్దాల పాతదే. పైగా అది ఉండేది బంపర్ ఎత్తులో, చక్రాలు ఎగజిమ్మే బురదనీళ్లకు ఎదురుగా. ముందు అద్దం వైపర్ మోటారుకు బానెట్ నీడ ఉంటుంది, దీనికి ఆ భాగ్యం లేదు.

ఇది మనసులో ఉంచుకుంటే సగం పని తేలికవుతుంది. "మోటారు కాలిపోయింది" అని పక్కన పడేసిన వాటిలో చాలావాటికి వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) బాగానే ఉంటుంది. వైపర్ చేతిని తిప్పే కడ్డీ, అంటే స్పిండిల్, తన బుష్‌లో (అది తిరిగే గొట్టంలో) తుప్పుతో పట్టేసి ఉంటుంది, అంతే. అందుకే బయటి నుంచి లోపలికి రావాలి, విప్పడం చివరి పని.

ఒక హెచ్చరిక. కదలడం లేదు కదా అని వైపర్ చేతిని పట్టుకుని బలంగా తిప్పకండి. లోపల వార్మ్ గేరు (మర లాంటి కడ్డీ తిప్పే పళ్ల చక్రం) ఉంటుంది. అది మోటారు వైపు నుంచే తిరుగుతుంది, చేతి వైపు నుంచి తిప్పితే తిరగదు. బలవంతం చేస్తే ప్లాస్టిక్ గేరు పళ్లు ఊడిపోతాయి. అప్పటిదాకా లేని జబ్బు కొత్తగా తగులుకుంటుంది.

రెండు వైపులా కదలిక లేదు, శబ్దమూ లేదు

రెండు మోటార్లూ ఒకే రోజున పాడవడం అరుదు. చాలా కార్లలో హెడ్‌లైట్లు వెలుగుతూ, ముందు అద్దం వాషర్ నొక్కితేనే ఇవి పనిచేస్తాయి. పగలు లైట్లు వేయకుండా పరీక్షించి కంగారు పడేవాళ్లు ఉన్నారు. లైట్లు వేసి నొక్కినా కదలకపోతే ఫ్యూజు, ఆ తర్వాత రిలే (మోటారుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) చూడండి. ఫ్యూజు పైకి బాగున్నట్టు కనిపించినా తీసి, దాని రెండు కొసలూ, అది కూర్చునే క్లిప్పులూ శుభ్రం చేయండి. పాత యూరోపియన్ కార్ల గొట్టపు ఫ్యూజుల కొసల్లో పట్టిన తుప్పు ఒక్కటే కరెంటును ఆపేయగలదు.

కొత్త ఫ్యూజు వేసిన వెంటనే పోతుంటే, ఇంకా పెద్ద ఫ్యూజు వేయడం పరిష్కారం కాదు. రెండు మోటార్ల కనెక్టర్లూ పీకి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ పోతుంటే వైరింగ్‌లో షార్ట్ ఉంది. పోకపోతే ఒక్కొక్క మోటారూ తగిలించి చూడండి, పట్టేసిన మోటారు ఏదో బయటపడుతుంది.

ఒక్క వైపు మాత్రమే కదలడం లేదు

కనెక్టర్ విప్పి టెస్ట్ లాంప్‌తో (రెండు తీగలున్న పరీక్ష బల్బుతో) చూడండి. ఇక్కడ మల్టీమీటరు కన్నా బల్బు నమ్మకమైనది. తీగ కలిసే చోట తుప్పుపట్టి కరెంటు సరిగా పారకపోయినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం మసకగా వెలిగి లోపల సంగతి చెప్పేస్తుంది. బల్బు ఒక కొసను కరెంటు వచ్చే పిన్నుకు పెట్టి, రెండో కొసను ముందు బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి, తర్వాత మోటారు ఎర్త్ తీగకే (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే తీగకు) పెట్టండి. మొదటిసారి బాగా వెలిగి రెండోసారి మసకబారితే లోపం ఎర్త్‌లో ఉంది. హెడ్‌లైటు దగ్గర బాడీకి బిగించిన ఎర్త్ స్క్రూ విప్పి, లోహం మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి పైన కాస్త గ్రీజు పూయండి.

కరెంటు, ఎర్త్ రెండూ సరిగా ఉంటే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా ఉండాలి. వీటికి సాధారణంగా ఎర్త్, నడిపే తీగ, ఆగే చోటికి చేర్చే పార్కింగ్ తీగ ఉంటాయి. పొరపాటున వేరే పిన్నుకు ఇస్తే ఫ్యూజు పోవడంతో సరిపోతుంది, తీగలు కాలవు. ఏ పిన్ను ఏదో మీ కారు వైరింగ్ పటంలో చూసుకోండి.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. మోటారు గిర్రున తిరుగుతూ చేయి కదలకపోతే గేరు పళ్లు అరిగాయి, లేదా చేయి స్పిండిల్ మీద జారుతోంది. మూలుగుతూ తిరగకపోతే స్పిండిల్ పట్టేసింది. ఏ చప్పుడూ లేకపోతే బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) ఆనడం లేదు, లేదా లోపలి తీగ తెగింది.

పట్టేసిన స్పిండిల్

ఇదే అసలు కథ, దీనికే ఓపిక కావాలి. చేయి ఆగి ఉన్న చోటును గాజు మీద టేపుతో గుర్తుపెట్టుకోండి. నట్టు మీది టోపీ ఎత్తి నట్టు తీసి, వైపర్ చేతిని చిన్న పుల్లర్‌తో (పట్టి లాగే పనిముట్టుతో) లాగండి. స్క్రూడ్రైవరుతో గాజు మీద ఆనించి ఎత్తారంటే లెన్సు పగలొచ్చు. మోటారు బయటికి వచ్చాక గేరు పెట్టె మూత తీయండి. మూతకు స్క్రూలు కాక రివెట్లు ఉంటే డ్రిల్లుతో తీసేసి, తిరిగి బిగించేటప్పుడు చిన్న స్క్రూలు వాడుకోవచ్చు. లోపలి వాషర్లు, క్లిప్పులు ఏ వరుసలో ఉన్నాయో విప్పే ముందే ఫొటో తీసుకోండి.

ప్లాస్టిక్ గేరును ముందే తీసేయండి. బుష్ రెండు కొసల్లోనూ తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు స్పిండిల్ కొసకు నట్టు బిగించి, మర దెబ్బతినకుండా ఆ నట్టు మీద చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టండి. రాకపోతే హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి మళ్లీ నూనె. పెట్టె పోతపోసిన తేలిక లోహం, పెద్ద సుత్తి దెబ్బకు చిట్లుతుంది. మోటారు డబ్బా మీద అసలే కొట్టకండి, లోపలి ఫెర్రైట్ అయస్కాంతాలు పెళుసు.

స్పిండిల్ బయటికి వచ్చాక 600 నంబరు ఎమెరీ కాగితంతో తుప్పు మాత్రమే పోయేలా రుద్దండి. లోహం తగ్గిపోతే వదులై మళ్లీ నీరు దిగుతుంది. పైనున్న ఓ-రింగు (రబ్బరు వలయం) కొత్తది వేయండి. నీళ్లను లోపలికి రానిచ్చింది అదే. బుష్‌లో నీటికి కరగని గ్రీజు పట్టించి అమర్చితే స్పిండిల్ వేలితో తిరగాలి.

బ్రష్‌లు, కమ్యుటేటర్

డబ్బాకూ గేరు పెట్టెకూ కలిపి ఒక గీత గీసి విప్పండి. డబ్బాను అర చుట్టు తిప్పి పెడితే అయస్కాంతాల ధ్రువాలు మారి మోటారు వెనక్కి తిరుగుతుంది. కొన్నింటిలో ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) కొసన చిన్న ఉక్కు గుండు ఉంటుంది, అది ఎగిరిపోకుండా చూసుకోండి.

కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి పలకల వలయం) నల్లబడితే సన్నటి ఎమెరీ కాగితంతో మెరిసేలా తుడిచి, రాగి పలకల మధ్య సందుల్లోని బొగ్గుపొడిని సూదితో తీయండి. పక్కపక్క పలకల మధ్య మీటరు చూపే విలువ చుట్టూ ఒకేలా ఉండాలి. ఏ పలకకూ ఇరుసుతో సంబంధం కనిపించకూడదు. కనిపించిందా, ఆర్మేచర్ పని అయిపోయింది, ఇక మోటారు మార్చండి. బ్రష్‌లు అరిగితే కొంచెం పెద్దవి తెచ్చి అరగదీసి సరిచేయవచ్చు. టంకం పెట్టేటప్పుడు అది బ్రష్‌కున్న జడతీగలోకి పాకితే తీగ బిరుసెక్కి బ్రష్ కదలదు.

ఎక్కడ పడితే అక్కడ ఆగుతోంది, లేదా ఆగడమే లేదు

స్విచ్ వదిలిన క్షణమే చేయి గాజు మధ్యలో ఆగిపోతే పార్కింగ్ తీగలో కరెంటు రావడం లేదు, లేదా గేరు మీది రాగి పట్టీ, దాన్ని తాకే రేకులు పచ్చగా తుప్పుపట్టాయి. కాంటాక్ట్ క్లీనరుతో తుడిచి, రేకును వెంట్రుకవాసి వంచితే చాలు.

ఆగకుండా తిరుగుతుంటే మోటారు కనెక్టర్ పీకి, స్విచ్ ఆఫ్‌లో ఉండగా నడిపే తీగకు టెస్ట్ లాంప్ పెట్టండి. బల్బు వెలిగితే రిలే అతుక్కుపోయింది లేదా స్విచ్ పాడైంది. వెలగకపోతే తప్పు మోటారు లోపలి పార్కింగ్ కాంటాక్టుది. తడిసిన గ్రీజు, బొగ్గుపొడి కలిసి అక్కడ కరెంటుకు దారి వేస్తాయి.

నెమ్మదిగా కదిలితే పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, లేదా పైన చెప్పిన ఎర్త్ లోపమే.

మూసి బిగించడం

మూత అంచుకు సిలికాన్ వేస్తే వెనిగర్ వాసన లేని రకం వాడండి. ఆ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉంటే దాన్ని మూయకండి, లోపలి చెమ్మ బయటికి పోయేది అందులోంచే. పాత సామాన్లలో మోటారు కొంటుంటే కుడి, ఎడమ చూసుకోండి. చాలా మోడళ్లలో ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు.

చేతిని బిగించకముందే మోటారును ఒకటి రెండుసార్లు నడిపి, తనంతట తాను ఆగనివ్వండి. ఆ తర్వాతే టేపు గుర్తు దగ్గర చేతిని కూర్చోబెట్టండి. నట్టు బిగించేటప్పుడు రెండో చేత్తో వైపర్ చేతిని కదలకుండా పట్టుకోండి, లేకపోతే స్పానర్ బలమంతా లోపలి ప్లాస్టిక్ గేరు మీద పడుతుంది. మొదటిసారి నడిపేటప్పుడు గాజును బాగా తడపండి.